పండువెన్నెల పెళ్లి: ఒంటిమిట్ట చుట్టూ చైత్రం



కడప నుంచి రాజంపేట వెళ్లే బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే, ఫాల్గుణం చివర్లో ఒక తమాషా కనిపిస్తుంది. దూరాన కొండ ఎండిపోయి ఉంటుంది, దగ్గర్లో దారి పచ్చగా ఉంటుంది. శేషాచలం కొండల్లో ఎర్రచందనం ఆకు రాల్చేసి, బోడి కొమ్మలతో నిలబడి ఉంటుంది. రోడ్డు వారన మాత్రం కానుగలు నిగనిగలాడే లేత ఆకు తొడుక్కుని, తెలుపూ ఊదా కలిసిన చిన్న చిన్న పూలను తారు మీద ఒలకబోస్తుంటాయి. వేప పూత వాసన బస్సులోపలికి వస్తుంది. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ముగించేలోపే కుడివైపో ఎడమవైపో ఎవరో ఒకరు చేతులు జోడిస్తారు. అంటే గోపురం కనబడిందన్నమాట. ఒంటిమిట్ట వచ్చింది.

కడపకు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న మండల కేంద్రం ఇది. ముంబై నుంచి చెన్నై వెళ్లే రైలుమార్గం మీద చిన్న స్టేషను, ఒక పెద్ద చెరువు, చెరువుకు ఎగువన కోదండరామస్వామి కోవెల, చుట్టూ మామిడి, అరటి, బొప్పాయి తోటలు. ఏడాదిలో పదకొండు నెలలు ఇది తన పాటికి తాను సేద్యం చేసుకునే ఊరు. చైత్రం వచ్చిందంటే రాష్ట్రమంతా ఇటువైపు చూస్తుంది. ఈ సీమలో వసంతాన్ని క్యాలెండరు చూసి లెక్కపెట్టరు, చంద్రుణ్ణి చూసి లెక్కపెడతారు. ఫాల్గుణ బహుళ ద్వాదశి నుంచి చైత్ర పున్నమి దాకా, సుమారు పద్దెనిమిది రోజులు. అమావాస్యకు ముందు తాళ్లపాకలో ఒక వేడుక, అమావాస్య దాటగానే దేవుని కడపలో ఇంకొకటి, వెన్నెల నిండేసరికి ఒంటిమిట్టలో పెళ్లి. 2025నే తీసుకుంటే, మార్చి 26న అన్నమయ్య వర్ధంతి, 30న ఉగాది, ఏప్రిల్ 6న నవమి, 11న కల్యాణం, 12న రథం. ఈ మూడు చోట్లూ ఒకే దారిలో, ఒక పూట ప్రయాణంలో చూడగలిగినవి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు చెప్పే మాట కడప జిల్లాలో అక్షరాలా నిజం. శివరాత్రి మర్నాటి నుంచే ఎండ పని మొదలుపెడుతుంది. కవుల వసంతంలో మలయమారుతం వీస్తుందేమో కానీ, ఇక్కడ మార్చి నెల మధ్యాహ్నం వీచేది వడగాలికి తమ్ముడు. అయినా ఇది పూలకాలమే. మోదుగ ఆకులన్నీ రాల్చి ఎర్రగా పూస్తుంది. బూరుగు పూల కోసం గోరింకలు, కాకులు కొట్లాడుకుంటాయి. తాటితోపుల్లో ముంజలకు ఇంకా కొన్నాళ్లు ఆగాలి కానీ, ఈత చెట్లకు గెలలు దిగి ఉంటాయి. పిల్లలకు వాటి లెక్క బాగా తెలుసు.

పెన్నకు ఆవలి గట్టున సిద్ధవటం కోట, దాని వెనక లంకమల అడవులు. ఆ పొదల మధ్యే 1986 జనవరిలో కలివికోడి మళ్లీ కనబడింది. ప్రపంచంలో ఇక లేదనుకున్న పక్షి అది. 1848లో శాస్త్రవేత్తలు దాన్ని నమోదు చేశారు. 1900 తరవాత ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ దాని జాడ లేదు. పగలు ముళ్లపొదల నీడన కదలకుండా కూర్చుని, చీకటి పడ్డాక పరుగులు తీస్తూ పురుగుల్ని ఏరుకుని తింటుంది. ఎగరగలదు, కానీ పరుగంటేనే దానికిష్టం. దాని కోసం లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అది తిరిగే చోటును కాపాడటానికి తెలుగుగంగ కాలువ దారిని సైతం పక్కకు మళ్లించాల్సి వచ్చింది. పట్టుమని పిడికెడు లేని పిట్ట కోసం కాలువను వంచారా అని ఆశ్చర్యపోయినవాళ్లు లేకపోలేదు. వంచడమే మంచిదైంది.

ఇక ఊళ్లోకి వద్దాం. ఫాల్గుణంలో ఈ పల్లెల్లో ఏ అరుగు చూసినా చింతపండే. ముందు మగవాళ్లు పొడవాటి గడకర్రలతో కొమ్మల్ని ఝాడిస్తారు. చెట్టు ఎక్కగలిగినవాడు పైకెక్కి కొమ్మలు కుదుపుతాడు. కింద పరిచిన పట్టల మీద కాయలు టపటపా రాలతాయి. రెండు మూడు రోజులు ఎండబెడితే పైపెంకు పెళుసెక్కుతుంది. అక్కడి నుంచి పని ఆడవాళ్లది. వేళ్లతో పెంకు ఒలిచి, కాయను చుట్టుకుని ఉన్న ఈనెల్ని ఒక్క లాగుతో ఊడదీసి, పండును రాతిమీద పెట్టి కొయ్య సుత్తితో కొడతారు. గింజ ఒక పక్కకు ఎగురుతుంది, గుజ్జు రాతికి అంటుకుంటుంది. గట్టిగా కొడితే గింజ పగిలి పండులో కలుస్తుంది, ధర పడిపోతుంది. మెల్లగా కొడితే గింజ రాదు. ఆ దెబ్బ ఎంత ఉండాలో చెప్పి నేర్పేది కాదు. పొద్దుగూకేసరికి గోళ్లు నల్లబడతాయి, వేళ్ల చివర్లు పులుపుకు మండుతాయి. కొత్త చింతపండు ఎర్రగా ఉంటుంది, ఏడాది దాటితే నల్లబడుతుంది. ఉగాది పచ్చట్లో పడేది ఈ ఎర్రటిదే. మిగిలినదాన్ని ఉప్పు కలిపి కుండల్లో అణిచి పెట్టుకుంటారు. కొలిచి ఇచ్చేది కూలికి, దాచుకునేది కూరకు. గింజలకూ కొనేవాళ్లున్నారు, అదో చిల్లర ఆదాయం.

చింతచెట్టుకు ఎవరూ మందు కొట్టరు, నీళ్లు పెట్టరు. మామిడి అలా కాదు. రైల్వేకోడూరు నుంచి ఒంటిమిట్ట దాకా మామిడి రైతు గుండె డిసెంబరు నుంచి మే దాకా చెట్టుమీదే వేలాడుతుంది. పూత మీద తేనెమంచు పురుగు వాలితే ఆకులన్నీ జిగటగా మెరుస్తాయి. పొగమంచు కమ్మితే బూడిద తెగులు. వాటిని దాటుకుని చైత్రానికి గోళీకాయంత పిందె నిలబడితే ఆ ఏడు గట్టెక్కినట్టే అనుకుంటారు. తోటల్ని గుత్తకు ఇచ్చే ఆచారం ఇక్కడ పాతది. పూత మీద ఇస్తే ఒక ధర, పిందె మీద ఇస్తే ఒక ధర, కాయ మీద ఇంకో ధర. ముందు ఇచ్చినవాడికి డబ్బు తక్కువ, నిద్ర ఎక్కువ. ఆగినవాడికి డబ్బు ఎక్కువ రావచ్చు, ఒక్క గాలివానతో మొత్తం పోనూవచ్చు. గుత్తేదారు తోటలోకి వచ్చి తల పైకెత్తి నడుస్తూ కొమ్మకొమ్మా లెక్కపెడుతుంటే, రైతు వాడి మొహం లెక్కపెడుతుంటాడు. బేనీషా రకమైతే ఒక మాట, తోతాపురి అయితే ఇంకో మాట. బేరం ఒక్కనాడు తెగితే అది బేరమే కాదని ఇక్కడివాళ్ల నమ్మకం.

ఇలా చింతపండు, మామిడి, ఎండ, మూడూ ముదురుతున్న వేళ రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పాట మొదలవుతుంది. ఫాల్గుణ బహుళ ద్వాదశి అన్నమాచార్యులు కన్నుమూసిన తిథి. సంవత్సరం 1503. పుట్టింది 1408లో అని, ముప్పైరెండు వేల సంకీర్తనలు చెప్పాడని అంటారు. అందులో మనకు దక్కినవి పద్నాలుగు వేలకు అటూ ఇటూ. అవీ దక్కకుండా పోయేవే. తాళ్లపాకవారి సంకీర్తనల రాగిరేకులు తిరుమల గుడిలో రాతి అరలో శతాబ్దాలపాటు ఉండిపోయాయి. 1922లో వెలుగు చూశాయి. రాగి కాబట్టి చెద పట్టలేదు. తాటాకు మీద రాసి ఉంటే ఈ రోజు పెళ్లిపందిట్లో ఆడపిల్లలు పాడుకునే పాటలు సగం ఉండేవి కావు.

తాళ్లపాక చిన్న పల్లె. పొలాలు, గుడి, నాలుగు వీధులు. రాజంపేట దారిలో 108 అడుగుల అన్నమయ్య విగ్రహం దూరం నుంచే కనిపిస్తుంది. వర్ధంతి రోజుల్లో పల్లెకు పాటగాళ్లు దిగుతారు. గుంపుగా కూర్చుని సంకీర్తనలు పాడతారు. పిల్లలు, పంతులమ్మలు, రిటైరైన ఉద్యోగులు, అంతా ఒకే శ్రుతికి గొంతు కలుపుతారు, కలవనివాళ్లు తాళం వేస్తారు. మైకుసెట్టు కుర్రవాడు ప్రతి పాటకూ గొంతు సరిచేసుకుని, తనే పాడబోతున్నట్టు నిలబడతాడు. ఊరి రైతులు పొలం నుంచి వస్తూ కాసేపు వెనక నిలబడి విని వెళతారు. గొప్ప సభల్లో దొరకని శ్రోతలు వీళ్లు. నచ్చకపోతే వెళ్లిపోవడానికి మొహమాటపడరు.

నాలుగు రోజులకు ఉగాది. పచ్చడి, పంచాంగం, ఓళిగలు, కొత్త బట్టలు. ఇవి తెలుగునాట అంతటా ఉన్నవే, ఎక్కువ చెప్పుకోనక్కరలేదు. దేవుని కడపలో మాత్రం ఇంకెక్కడా చూడని ఉగాది జరుగుతుంది. కడప పట్టణాన్ని ఆనుకుని ఉన్న లక్ష్మీవేంకటేశ్వరస్వామి గుడి అది. తిరుమలకు తొలి గడప అని పేరు. అన్నమయ్య ఈ కడపరాయని మీదా ఎన్నో పాటలు కట్టాడు. ఉగాదినాడు తెల్లవారుజాము నుంచే గుడి ముందు వరస కడుతుంది. ఆ వరసలో బురఖాలుంటాయి, టోపీలుంటాయి. వేంకటేశ్వరుడి భార్య బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచనీ, అలా ఆయన తమ అల్లుడనీ కడప ముస్లింలలో తరతరాల నమ్మకం. కొత్త సంవత్సరం మొదటి రోజున అల్లుడిగారింటికి వెళ్లి చూసి రావడం మర్యాద. టెంకాయ, పూలు తెస్తారు, తీర్థం తీసుకుంటారు, శఠారి పెట్టించుకుంటారు. పక్కనే నిలబడ్డ హిందువుల కుటుంబంతో ఎండ గురించీ, పిల్లల చదువుల గురించీ మాట్లాడుకుంటూ కదులుతారు. బయటి ఊళ్ల విలేకరులు వచ్చి ఫోటోలు తీసి, సామరస్యమని పెద్ద పెద్ద మాటలు రాసుకుని వెళతారు. అక్కడున్నవాళ్లకది చుట్టరికం, అంతే. చుట్టరికానికి ఉపన్యాసం ఎందుకు?

ఉగాదితో మొదలైన చైత్రంలో తొమ్మిదో తిథి శ్రీరామనవమి. భద్రాచలంలో నవమి మధ్యాహ్నం అభిజిత్ లగ్నంలో కల్యాణం అయిపోతుంది. ఒంటిమిట్టలో ఆ రోజు పెళ్లిమాటే లేదు. ధ్వజస్తంభం మీద గరుడపటం ఎగురుతుంది, బ్రహ్మోత్సవాలు మొదలవుతాయి, అంతే. వీధుల్లో చలివేంద్రాలు, పెద్ద గంగాళాల్లో బెల్లం పానకం, వడపప్పు. పానకంలో మిరియాలు దంచి వేస్తే ఘాటు, పొడి చేసి వేస్తే అడుగున మడ్డి. ఇది కూడా గొడవపడదగ్గ విషయమేనని ఒంటిమిట్టలో పానకం కలిపేవాళ్లను చూస్తే తెలుస్తుంది.

అదే రోజు ఇక్కడ పోతన జయంతి జరుపుతారు, కవులు చేరి పద్యాలు చదువుతారు. భాగవతం ఇక్కడే పుట్టిందని ఒంటిమిట్ట అంటుంది, కాదు మా బమ్మెరలో అని ఓరుగల్లు సీమ అంటుంది. ఈ తగాదాలో పండితులు నూరేళ్లకు పైగా సిరా ఖర్చుపెట్టారు. తేలలేదు, తేలే సూచనలూ లేవు. పోతన ఎక్కడివాడైనా, ఒంటిమిట్టకు సొంత కవుల కరవు మాత్రం లేదు. అయ్యలరాజు త్రిపురాంతకుడు ఈ రఘువీరుడి మీద శతకం చెప్పాడు. రామాభ్యుదయం రాసిన అయ్యలరాజు రామభద్రుడిదీ ఈ సీమతో ముడిపడిన పేరే.

గుడిలోకి వెళితే మొదట ఆకట్టుకునేది లోపలి మంటపం. ముప్పైరెండు రాతి స్తంభాలు, వాటినిండా పౌరాణిక కథలు. విజయనగరం నాటి శిల్పుల చేతిపని. పదహారో శతాబ్దపు శాసనాలు ఈ గుడికి ఊళ్లు దానమిచ్చిన సంగతి చెబుతాయి. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ గండికోటకు పోయిన ప్రయాణంలో ఈ గుడిని చూసి, దేశంలోని పెద్ద ఆలయాల్లో ఒకటిగా మెచ్చుకున్నాడు. వజ్రాలు తూచే కళ్లు అవి, ఊరికే మెచ్చవు. గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో చెక్కి ఉన్నారు. హనుమంతుడు లేడు. రాముడికి హనుమ పరిచయం కాకముందే జాంబవంతుడు ఈ మూర్తులను ప్రతిష్ఠించాడని స్థలపురాణం. హనుమ చిన్నబుచ్చుకోకుండా గుడికి ఎదురుగా సంజీవరాయస్వామిగా బయట వెలిశాడు. బ్రహ్మోత్సవాల్లో ఒక రాత్రి హనుమంత వాహనం మీదే స్వామి ఊరేగుతాడు. లోపల చోటు లేకపోయినా వీధిలో పెద్దపీట వేశారన్నమాట.

గుడి దగ్గర ఒక బావి ఉంది, ఇమాంబేగ్ బావి. నవాబుల కాలంలో ఇమాంబేగ్ అనే అధికారి ఇటు వచ్చాడు. మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని భక్తుల్ని అడిగాడు. భక్తితో పిలిస్తే పలుకుతాడన్నారు. మూడుసార్లు పిలిచాడు, లోపలి నుంచి ఓ అని జవాబొచ్చింది. ఆయన ఆశ్చర్యపోయి, స్వామి అవసరాలకు నీళ్లు ఉండాలని బావి తవ్వించాడు. కథలో పలుకు సంగతి ఎవరి నమ్మకం వారిది. బావి మాత్రం కళ్లముందుంది, ఆయన పేరుతోనే ఉంది. వానలు అంతంతమాత్రంగా కురిసే సీమలో దేవుడికైనా మనిషికైనా బావిని మించిన కానుక ఏముంది?

ఆ తరవాతి కాలంలో గుడి బాగా చితికిపోయింది. మాన్యాలు పోయాయి, నగలు పోయాయి, నైవేద్యానికీ కటకట వచ్చింది. అప్పుడు నడుం కట్టినవాడు వావిలికొలను సుబ్బారావు. 1863లో పుట్టాడు. రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడయ్యాడు. వాల్మీకి రామాయణాన్ని పద్యాల్లోకి తెచ్చి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్నాడు. అంతటివాడు అన్నీ వదిలేసి, వాసుదాసుగా మారి, చేతిలో టెంకాయచిప్ప పట్టుకుని ఊరూరా బిచ్చమెత్తాడు. వచ్చిన ప్రతి పైసా ఈ రాముడికే. నగలు చేయించాడు, గుడిని బాగు చేయించాడు. తనకింత మేలు చేసిన ఆ చిప్ప మీద టెంకాయచిప్ప శతకం చెప్పాడు. రాజులిచ్చిన అగ్రహారాల కంటే ఆ చిప్పే ఎక్కువ కాలం నిలిచిందని ఇక్కడివాళ్లు సగర్వంగా చెప్పుకుంటారు. ఆయన 1936లో కన్నుమూశాడు.

ఇదంతా ఊరి చరిత్ర. 2014లో రాష్ట్రం రెండైంది, భద్రాచలం తెలంగాణలో ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి పట్టువస్త్రాలు పంపడానికి ఒక రాముడు కావాలి. 2015 నుంచి ఒంటిమిట్ట కల్యాణం ప్రభుత్వ వేడుక అయింది. ఆ ఏడే గుడి తిరుమల తిరుపతి దేవస్థానం చేతికి వెళ్లింది. ఒక్కసారిగా అంతా మారింది. ఒకప్పుడు నాలుగు గుంజల పందిరి చాలిన చోట ఇప్పుడు వేలమంది కూర్చునే కల్యాణవేదిక, బారికేడ్లు, గ్యాలరీలు, తెరలు, కడప, రాజంపేటల నుంచి ప్రత్యేక బస్సులు. ముఖ్యమంత్రి వస్తే దారి పొడవునా పోలీసులు. ఇంతకుముందు స్వామిని చెయ్యి చాచేంత దూరంలో చూసేవాళ్లం, ఇప్పుడు తెరమీద చూస్తున్నామని పాతకాలపువాళ్లు సణుగుతారు. ఆ సణుగుడులో న్యాయముంది. అలాగే రోడ్డు వెడల్పయిందనీ, అంగళ్లు పెరిగాయనీ, ఊరి పేరు చెబితే ఏ జిల్లా అని ఎవరూ అడగడం లేదనీ కుర్రవాళ్లు అంటారు. అందులోనూ అబద్ధం లేదు.

పెళ్లికి కావలసిన సరంజామాలో ఒకటి మాత్రం ఎంత ప్రభుత్వ లాంఛనం వచ్చినా యంత్రం ముట్టుకోనిది. అవి గోటి తలంబ్రాలు. గోదావరి సీమలో కోరుకొండ ప్రాంతపు భక్తులు వీటికోసమే వరి పండిస్తారు. ఆ వడ్లను దంచరు, మిల్లుకు పంపరు. ఒక్కొక్క గింజను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, బొటనవేలి గోటితో పొట్టు చీల్చి, బియ్యపు గింజ ముక్క కాకుండా బయటికి తీస్తారు. కొస విరిగిందా, పక్కన పెట్టాల్సిందే. విరిగిన గింజ తలంబ్రానికి పనికిరాదు. ఎన్నో ఊళ్ల ఆడవాళ్లు పని పంచుకుంటారు, రామనామం చెప్పుకుంటూ నెలల తరబడి ఒలుస్తారు. భద్రాచలానికీ పంపుతారు, ఒంటిమిట్టకూ పంపుతారు. రాష్ట్రాలు రెండయినా తలంబ్రాలకు హద్దు లేదు.

తిరునాళ్ల అన్నాక అంగళ్లు. బొరుగులు, కారాలు, మిఠాయి, గాజులు, బొమ్మలు, రంగుల రాట్నం. పక్కనే ఉన్న మాధవరంలో చేనేత మగ్గాలున్నాయి కాబట్టి, పెళ్లి చూడటానికి వచ్చిన ఆడవాళ్లు ఆ ఊరివైపు ఒక చూపు చూసి వెళతారు. మధ్యాహ్నం ఎండలో అంగడివాళ్లు పట్టల కింద కునుకు తీస్తారు. ఎవరైనా పొరపాటున బేరమాడితే ఒక కన్ను తెరిచి ధర చెప్పి మళ్లీ మూస్తారు. సాయంత్రం ఐదు దాటితే గాని ఊరు లేవదు.

చతుర్దశినాడు పొద్దున స్వామికి శివధనుర్భంగ అలంకారం. విల్లు విరిస్తేగాని పిల్లనివ్వరు కదా. సాయంత్రం ఎదురుకోలు, అటు వైపువాళ్లు ఇటు వైపువాళ్లు వరుసలు కలుపుకుని, గోత్రప్రవరలు చెప్పుకుని, ఎవరి వంశం గొప్పదో వాదించుకుంటారు. చీకటి పడుతుండగా కల్యాణం. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు. తూర్పున దాదాపు నిండు చంద్రుడు. వేదమంత్రం మైకులో వినిపిస్తున్నా, జనం తల ఒకసారి పైకెత్తి చంద్రుణ్ణి చూసి మళ్లీ వేదిక వైపు చూస్తారు. ఈ పెళ్లికి ఆయనే పెద్దమనిషి మరి.

రాత్రి పెళ్లి ఎందుకంటే దానికో కథ. పగటి పెళ్లి చూసే భాగ్యం తనకు లేదని చంద్రుడు వాపోయాడట, ఒంటిమిట్టలో నీకోసం రాత్రి చేసుకుంటానని రాముడు మాటిచ్చాడట. విజయనగర రాజులు చంద్రవంశం వాళ్లు కాబట్టి తమ కులదైవం వెలుగులో పెళ్లి జరిపించుకున్నారని ఇంకొందరి మాట. రెండూ బాగానే ఉన్నాయి. కానీ ఏప్రిల్ రెండో వారంలో కడప జిల్లా నేల మీద పన్నెండు గంటలప్పుడు ఒక్కసారి నిలబడినవాళ్లకు మూడో కారణం దానంతటదే తెలుస్తుంది. నలభై డిగ్రీల ఎండలో వేలమందిని కూర్చోబెట్టి పెళ్లి చెయ్యాలని ఏ పెద్దలకు అనిపిస్తుంది? చంద్రుడి కోరికా, భక్తుల అవసరమూ ఒక్కచోట కలిశాయి. తెలివైన ఆచారాలన్నీ ఇలాగే ఉంటాయి.

రాత్రి అయినా ఈ కాలపు ఆకాశాన్ని నమ్మడానికి లేదు. పగలంతా ఉడికిన నేల మీద సాయంత్రం మబ్బు పట్టిందంటే రైతు మొహం వాడిపోతుంది. 2018 మార్చి 30న కల్యాణం నాడే అలాంటి మబ్బు పట్టింది. పెనుగాలి, వడగళ్లు, ఉరుములు. చలువ పందిళ్లు కూలాయి, కరెంటు పోయింది, జనం చెల్లాచెదురయ్యారు. నలుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు, ఎందరో గాయపడ్డారు. తరవాతి ఏళ్లలో దేవస్థానం శాశ్వత కల్యాణవేదిక కట్టించింది. 2020, 2021ల్లో కరోనా వల్ల జనం లేకుండా ఏకాంతంగా పెళ్లి జరిగింది. ఒంటిమిట్టవాళ్లకు ఆ రెండేళ్లూ ఏదో తప్పు చేసినట్టనిపించిందట. తమ వీధిలోనే పెళ్లి, తమకే పిలుపు లేదు.

పందిరిని వేదికగా మార్చారు కానీ, తోటలకు అలాంటి వేదిక కట్టేవాళ్లు లేరు. ఏప్రిల్, మే నెలల గాలివానలకు గెల వేసిన అరటిచెట్లు మొదలంటా వాలిపోతాయి. పోటు కర్రలు పెట్టినా పెద్దగాలికి ఆగవు. మామిడి రాలితే రాలిన కాయకు ధర ఉండదు, ఊరగాయకు ఏరుకుంటారు. చంద్రుడు రాకుండా మబ్బేసిన చతుర్దశి రాత్రి పెళ్లికి వచ్చిన రైతు ఒక కన్ను రాముడి మీద, ఇంకో కన్ను పడమటి ఆకాశం మీద ఉంచుతాడు.

పెళ్లయిన మర్నాడు రథం. మోకులు పట్టుకోవడానికి పోటీ, మలుపులో చక్రాల కింద చప్టా చెక్కలు పెట్టేవాళ్ల కేకలు, మేడల మీద నుంచి టెంకాయ నీళ్లు, పూలు. ఆ తరవాత చక్రస్నానం, ధ్వజావరోహణం, పుష్పయాగం. అంగళ్లవాళ్లు పట్టలు మడుస్తారు. వాళ్లలో కొందరికి ఇప్పుడు తిరుపతి గంగమ్మ జాతర మీద దృష్టి. అక్కడ మే నెలలో చోటు దొరకాలంటే ఇప్పట్నుంచే మాట్లాడుకోవాలి. పోలీసులు బారికేడ్లు లారీలకెత్తుతారు. బేనీషా కోతకు రైల్వేకోడూరు మండీలో గంపలు, గడ్డి సిద్ధమవుతుంటాయి. ఒంటిమిట్ట తోటల్లో గుత్తేదారు మళ్లీ వచ్చి, కాయ మీద ఇప్పుడైనా ఇస్తావా అని అడుగుతాడు. రైతు ఒక వారం ఆగుదామంటాడు.